మూడు పొట్టి, ఒక పొడుగు

ఏప్రిల్ 22

నాగేశ్వర ఫోన్ చేశాడు. జిల్లా స్కౌట్ సంఘం కార్యదర్శి. ఆయనకు ఫోన్‌లో రెండు గొంతులు. ఒకటి పరామర్శకు, ఒకటి పనికి. ఫిబ్రవరి నుంచి నాతో మొదటిదే వాడుతున్నాడు. ఈ రోజు దానితోనే మొదలుపెట్టి, మధ్యలో రెండోదానికి దిగాడు.

తనకల్లు హైస్కూల్లో జ్యోతి నడిపిన గైడ్స్ కంపెనీకి ఇప్పుడు కెప్టెన్ లేదు. జూన్ లోపల శిక్షణ పొందిన ఆడమనిషి దొరక్కపోతే కంపెనీ పేరు కొట్టేస్తారు. ఆడపిల్లల దళానికి మగవాడు కెప్టెన్‌గా ఉండకూడదు. మంచి నియమమే. శిక్షణ అంటే ఏడు రోజుల క్యాంపు. క్యాంపు అంటే దాన్ని నడిపే శిక్షకుడు. జిల్లాలో ఉన్న శిక్షకుల్లో ఒకాయన మోకాళ్ళు మార్పించుకున్నాడు, ఇంకొకాయన పార్టీ మార్చాడు. ఇద్దరూ నడిచే స్థితిలో లేరు. మిగిలింది నేను. కాలేజీలో కామర్స్ చెప్పుకునేవాణ్ణి, జ్యోతి పోరు పడలేక ఎప్పుడో ఆ శిక్షణ కూడా తీసుకున్నాను. రిటైరయ్యాక రెండూ మానేశాను.

"వదిన పెట్టిన కంపెనీ అన్నా. నీ కండ్ల ముందర మూతపడాల్నా?" అన్నాడు.

లాభం లేని కంపెనీలు మూతపడటం సహజమని చెప్పాను. కామర్స్ హాస్యం. ఆయన నవ్వలేదు.

ఏప్రిల్ 23

కుదరదని చెప్పేశాను.

ఏప్రిల్ 24

ఒప్పుకున్నాను. ఇంట్లో ఫ్యాను చప్పుడు చేస్తోంది. క్యాంపు జరిగే బడిలో ఫ్యాన్లు కొత్తవి. అంతకు మించి కారణం లేదు.

ఏప్రిల్ 29

కదిరిలో స్వచ్ఛంద కార్యకర్తల సమావేశం. ఎవరు లేకపోయినా బడి నడిచిపోతుందని హెడ్‌మాస్టరుకు నమ్మకం ఉందో, ఆయనే ఆ బడి పంపే స్వచ్ఛంద కార్యకర్త. 

బాలల వ్యక్తిత్వ వికాసం గురించి అరగంట మాట్లాడాను. తరువాత ప్రశ్నలు అడగమన్నాను. సెలవుల్లో పనిచేసినందుకు బదులు సెలవు ఇస్తారా. సర్టిఫికెట్టు బదిలీలప్పుడు పనికొస్తుందా. రాత్రి ఇంటికి పోయి పొద్దున రావచ్చా. వికాసం గురించి ఎవరికీ సందేహాలు లేవు.

ఓబులేశు అని లెక్కల మాస్టరు, నిక్కరు తప్పనిసరా అని అడిగాడు. ప్యాంటు వేసుకోవచ్చన్నాను. అయితే వస్తానన్నాడు. ఆయన సేవాభావం మోకాలి కింద మొదలవుతుంది.

ఎవరూ పంపకుండా వచ్చినవాడు ఒక్కడే, మడకశిర వైపు నుంచి బాలప్ప. గొర్రెలున్నాయి, ప్రైవేటు బడి వ్యాను తోలుతాడు. మాటలో సగం కన్నడం. ఎందుకొచ్చావప్పా అంటే, క్యాంపు డేరాలు యాడ దొరుకుతాయో కనుక్కుందామని అన్నాడు. మంద దగ్గర పండుకోవడానికి. వచ్చిన కారణం దాచుకోని మనిషి. అతని పేరు వెంటనే రాసుకున్నాను.

ఆడవాళ్ళు ముగ్గురు పేర్లిచ్చారు. ఒకామె తన బదులు భర్తను పంపవచ్చా అని అడిగింది.

మే 6

ఇంట్లో ఉన్న క్యాంపు ట్రంకుపెట్టె తెరిచాను. తాళ్ళు ఎలుకలు తిన్నాయి. జెండా బాగుంది. ఎలుకలకూ దేశభక్తి ఉన్నట్టుంది.

హిందూపురం నుంచి నాగేశ్వర పంపిన విజిళ్ళు వచ్చాయి. ప్లాస్టిక్‌వి. ఒకటి ఊది చూశాను. పడిశం పట్టిన మేక తుమ్మినట్టుంది. ఇవి ఊదితే పక్క డేరా వాడు కూడా లేవడు.

పనికొచ్చే విజిల్ ఇంట్లో ఒకటుంది. ఇత్తడిది. బెంగుళూరు ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన కవరులో, గడియారం, మెట్టెలతో పాటు. అదే కవరులో, ఫిబ్రవరిలో తగిలించిన కొక్కేనికే ఉంది.

విజిల్ భాష ట్రైనీలకు చెప్పాలి కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను. ఒక పొడుగు అంటే నిశ్శబ్దం. వరసగా పొట్టివి అంటే అందరూ గుమిగూడండి. మూడు పొట్టి, ఒక పొడుగు అంటే పెట్రోల్ లీడర్లు మాత్రం నా దగ్గరికి రండి. ఏడెనిమిది మంది జట్టు పెట్రోల్, దాని పెద్ద పెట్రోల్ లీడర్. మా ఇంట్లో పెట్రోల్ నేనే, లీడరూ నేనే. వంటింట్లోంచి మూడు పొట్టి, ఒక పొడుగు వినిపిస్తే కాఫీ అయిందని అర్థం. ఇరుగుపొరుగు మొదట్లో నవ్వేవాళ్ళు. తరువాత ఆ విజిల్‌కు వాళ్ళూ కాఫీ పెట్టుకునేవాళ్ళు.

ఆసుపత్రిలో గొంతు పోయాక కూడా అదే పిలుపు. నర్సు కోప్పడింది. చివర్లో ఊపిరి చాలక మూడు పొట్టివే వచ్చేవి. పొడుగుది వచ్చేది కాదు. నేను మూడింటికే లేచేవాణ్ణి.

మంచి విజిల్ లేకుండా క్యాంపు నడవదు. కవరు బ్యాగులో వేసుకున్నాను. స్టాకు కొరత వల్ల.

మే 11

క్యాంపు మొదలైంది. మా ఊరి బయట తనకల్లు హైస్కూలు, చుట్టూ వేరుశనక్కాయ వేయాల్సిన బీడు. వేస్తారా లేదా అనేది వాన చెప్పాలి. అది ఇంకా మాట్లాడలేదు.

స్కౌట్లు ఎడమ చేయి కలుపుతారు. పూర్వం వీరులు డాలు పట్టుకునే చేయి అది, డాలు కింద పెట్టి చేయి ఇవ్వడం నమ్మకానికి గుర్తు అని పొద్దున పాఠం చెప్పాను. శ్రద్ధగా విన్నది ఓబులేశు ఒక్కడే. మధ్యాహ్నం ప్రారంభోత్సవానికి వచ్చిన నాయకుడికి తమలపాకులూ అరటిపండ్లూ ఎడమ చేత్తో అందించాడు. నాయకుడు అందుకోలేదు. అనుచరులు లేచి నిలబడ్డారు. ఓబులేశు వెనక్కి తగ్గలేదు. డాలు గురించి మొత్తం చెప్పాడు. నాయకుడికి తను ఏ యుద్ధంలో ఉన్నాడో అర్థం కాలేదు. కాఫీ తాగకుండా పోయాడు. ఉపన్యాసం తప్పింది. క్యాంపులో ఇంతవరకు జరిగిన మేలు ఇదే.

నేను ఎవరికీ చేయి ఇవ్వలేదు. నా ఎడమ చేతిలో ఫైలు ఉంటుంది. ఫిబ్రవరిలో సంఘం వాళ్ళంతా యూనిఫారాల్లో మా వాకిట్లో వరుసగా నిలబడి ఎడమ చేతులు చాచారు. అప్పటి నుంచి ఫైలు ఉంటుంది.

మే 12

రెండు పెట్రోల్‌లు చేశాను. ఏదైనా జంతువో పక్షో పేరు పెట్టుకోమన్నాను. ఓబులేశు జట్టు సింహాలయింది. ఎవరూ మంచం లేకుండా పడుకోలేదు. బాలప్ప జట్టుకు గొర్రెలని పెడతానన్నాడు, జట్టు తిరగబడింది. నెమళ్ళతో రాజీ కుదిరింది.

భర్తను పంపుతానన్నామె భర్తతో పాటే వెళ్ళిపోయింది. ఇంకొకామె బిడ్డకు జ్వరమంది. మిగిలిన ఆడమనిషి కృపాకుమారి. తనకల్లులో బట్టలు కుడుతుంది. జ్యోతి కంపెనీ పిల్లల యూనిఫారాలు కుట్టింది ఈమే. కూతురు సువార్త ఆ కంపెనీలో పెట్రోల్ లీడర్. ఆలస్యంగా వచ్చింది. పెండ్లి రవికెలు ఇచ్చి వస్తున్నానంది. జ్యోతి అయితే

సరే.

మే 13

ముడులు నేర్పాను. రెండు తాళ్ళు కలిపే రీఫ్ ముడి, పసిపిల్లలకు వచ్చేది. కృపాకుమారి వేసిన ప్రతిసారీ అది అడ్డంగా తిరిగి దొంగముడి అవుతోంది. జారిపోయే ముడి. పుస్తకం తీసి చూపించాను.

"మిషన్ మీద ఏమన్నా కుట్టమనండి సార్, కుడతా. ఈ తాడు నా మాట వినేట్టు లేదు" అంది. అని నవ్వింది.

ప్రతిజ్ఞ చెప్పేటప్పుడు కూడా నవ్వింది. సింహాలు వంటచెరకు కోసం ఏడుస్తుంటే నవ్వింది. ఈ రోజూ ఆలస్యమే. కెప్టెన్ అనే మనిషి ముందు వచ్చి నిలబడాలి. పిల్లలు వచ్చేసరికి జెండా కట్టి ఉండాలి. ముడి ఒక్కసారికే పడాలి. ఇవన్నీ నియమాల పుస్తకంలో లేవు. ఉండాలి.

మే 14

మదింపు పత్రాలు రాశాను. ఓబులేశు, తగును. బాలప్ప, తగును. మంచం దిగని సింహాలతో సహా అందరూ, తగును. కృపాకుమారి, తగదు.

నాగేశ్వర ఫోన్ చేసి ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. 

"అన్నా, ఉండేది ఒగ ఆడమనిషి. ఆ యమ్మను కూడా నువ్వు తీసేస్తే కంపెనీ పాయ. ఇంగ యాడినుంచి తెచ్చేది?"

ప్రమాణాలు అనేవి ఉంటాయని చెప్పాను. రీఫ్ ముడి గురించి వివరంగా చెప్పాను.

"నీకు కావాల్సిన మనిషి ఏ క్యాంపుకూ రాదు అన్నా" అన్నాడు.

ఏమన్నాడో సరిగా వినపడలేదు. ఇక్కడ సిగ్నల్ తక్కువ.

మే 15

ఈ రోజు మరుగుదొడ్డి గుంత తవ్వకం. క్యాంపులో ఇది ముఖ్యమైన పాఠం. తన గుంత తను తవ్వుకున్నవాడు పిల్లలకు పారిశుభ్రత చెప్పగలడని సిద్ధాంతం. పారలు, గడ్డపారలు ఇచ్చి సాయంత్రానికి నడుము లోతు తవ్వమన్నాను. ఇక్కడి నేల జానెడు మట్టి, కింద రాయి. నెమళ్ళు పదకొండు గంటలకు జానెడు పూర్తి చేశాయి. బాలప్ప అరిచేతులు చూసుకుని, ఇంతకన్నా గొర్రెలు నయమన్నాడు. సింహాలు చెట్టు కింద కూర్చుని ఫోన్ చేశాయి.

నేను ఆఫీసు గదిలో ఉన్నాను. జేసీబీ చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి చూస్తే ఓబులేశు చేతులూపుతూ దాన్ని వెనక్కి రప్పిస్తున్నాడు. బావమరిది బండి అట. స్కౌట్ ఉపాయశాలి అయి ఉండాలని నిన్న మీరే చెప్పినారు కదా సార్ అన్నాడు. జవాబు ఆలోచించుకోవడానికి గదిలోకి వెళ్ళాను. కాఫీ గ్లాసు తీసుకున్నాను. ఇంతలో బయట పెద్ద ఈల వేసినట్టు చప్పుడు.

బడి మైదానం అంచునే ఊరి మంచినీళ్ళ పైపు పోతుంది. సింహాల బండి దాన్ని కొరికింది. ఊరికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు వదులుతారు. ఆ రోజు ఈ రోజే. కొబ్బరిచెట్టంత ఎత్తున నీళ్ళు లేచాయి. ఈ నేల మీద అంత నీళ్ళు ఒకేసారి పైకి లేవడం నేను చూడలేదు. జేసీబీ డ్రైవరు మొదట పారిపోయాడు, తరువాత ఫోటో తీశాడు.

ఊరు వచ్చింది. బిందెలు, డ్రమ్ములు, క్యాన్లు, ఒక ట్రాక్టరు. సగం మంది పట్టుకోవడానికి, సగం మంది కొట్టడానికి. పైన ట్యాంకు ఖాళీ అయితే నాలుగు రోజులు ఊరికి చుక్క ఉండదు. క్యాంపును ఈ రోజే లేపేయాలని ఎవరో అరిచారు. లేపేస్తే ఎవరికీ సర్టిఫికెట్టు లేదు, కంపెనీ లేదు. వాల్వు కట్టేసే తిప్పేష్, తాళంచెవితో సహా పక్క ఊళ్ళో పెండ్లికి పోయాడు. ఓబులేశు తప్పు పైపుదని లెక్క ప్రకారం నిరూపిస్తున్నాడు. ట్రైనీలు ప్లాస్టిక్ విజిళ్ళు ఊదుతున్నారు. మేకలు తుమ్ముతున్నాయి, ఎవరూ వినడం లేదు.

నేను గదిలోనే ఉన్నాను. పత్రాల మీద నీళ్ళు పడకుండా చూడటం కోసం.

కృపాకుమారి పరుగున వచ్చింది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. బల్ల మీద నా బ్యాగు పక్కన ఇత్తడి విజిల్ ఉంది. కవరులోంచి అది బయటికి ఎలా వచ్చిందో, నేనే తీసి ఉంటాను. ఆమె అడగలేదు. తీసుకుని వాకిట్లోకి పోయింది.

మూడు పొట్టి.

నేను లేచాను.

పొడుగుది కూడా వచ్చింది.

తరువాత చూసుకుంటే నేను మైదానంలో, ఆమె ఎదురుగా, ఓబులేశుకూ బాలప్పకూ మధ్య నిలబడి ఉన్నాను. మడమలు కలిపి. ఎడమ చేతిలో ఫైలు లేదు, కాఫీ గ్లాసు ఉంది. పెట్రోల్ లీడర్లు వాళ్ళిద్దరే. మూడోవాణ్ణి ఎందుకు వచ్చావని ఆమె అడగలేదు. అడిగే తీరిక లేదు.

"బాలప్పన్నా, నువ్వు బండేసుకుని పోయి తిప్పేష్‌ను ఎట్లుంటే అట్ల ఎత్తకరా. ఓబులేశు సార్, నీ లెక్క సాయంత్రం చెప్దువు, ఆ జేసీబీతో చుట్టూ కట్ట వేపియ్యి, నీళ్ళు బీట్లేకి పోకుండా. సార్, మీరు బిందెల వరస చూడండి. ముసిలోళ్ళు ముందర. ట్రాక్టరు కడాకు."

సరేనన్నాను. నేను క్యాంపు అధిపతినని ఆ సమయంలో గుర్తు రాలేదు. గుర్తొచ్చినా పెద్దగా ఉపయోగం ఉండేది కాదు.

వరుస నిలబెట్టడం కామర్స్ క్లాసు కన్నా కష్టం. తిప్పమ్మ అనే ముసలామె మూడు బిందెలతో ముందుకొచ్చి, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమప్పా, ఇంత వయసొచ్చినాది, మెడకు గుడ్డ కట్టుకుని ఈడ ఏం జేస్తాండావు?"

వరుస చూస్తున్నానని చెప్పాను.

"అయితే బిందె ఎత్తు" అంది.

ఎత్తాను. తరువాత చాలా బిందెలు ఎత్తాను. కాఫీ గ్లాసు ఎక్కడ పెట్టానో తెలియదు.

జేసీబీ కట్ట వేసింది. లోపల చిన్న కుంట తయారైంది. పోయే నీళ్ళు నిలబడ్డాయి. కృపాకుమారి సైకిలు ట్యూబు కోయించి పైపుకు చుట్టించి, పైన తాడుతో తనే కట్టింది. నేను దగ్గర నుంచి చూశాను. దొంగముడి. పుస్తకం ప్రకారం జారిపోవాలి. పైకి లేచే నీళ్ళు మోకాలెత్తుకు దిగాయి. బాలప్ప తిప్పేష్‌ను పెండ్లి పంచెతో, చేతిలో సగం తిన్న లడ్డుతో సహా తెచ్చేదాకా ముడి జారలేదు. నియమాల పుస్తకం దానికి తెలియదు.

వాల్వు కట్టేశారు. ట్యాంకులో సగం మిగిలింది. ఊరు తిట్టుకుంటూనే నిండు బిందెలతో వెళ్ళింది. క్యాంపును లేపేయాలన్న మనిషి రెండు డ్రమ్ములు తీసుకుపోయాడు. ఆయన మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

గుంత కూడా తయారైంది. నడుము లోతు.

మే 16

మదింపు పత్రాలు చూసుకున్నాను. కృపాకుమారిది తడిసింది. మిగతావి పొడిగానే ఉన్నాయి. నీళ్ళు అలా ఎంచుకుని పడతాయి కాబోలు. తడిసిన పత్రం పై ఆఫీసు తీసుకోదు. కొత్తది రాయాల్సి వచ్చింది. తగును అని రాశాను. తడిసింది కాబట్టి.

మే 17

ముగింపు. సింహాలు క్యాంపు ఫైరు దగ్గర పాట పాడాయి. సింహాలు గర్జించడమే మేలు. ఓబులేశు పైపు మరమ్మతు బావమరిదితో చేయించాడు. ఆలోగా తాళ్ళ ముడుల మీద ఒక పట్టిక వేసుకున్నాడు, ఏ ముడికి ఎంత తాడు పడుతుందో. బాలప్ప డేరా ఒకటి అడిగి తీసుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో పిల్లలను పోగుచేస్తాడట, గొర్రెలు మేసే వేళ చూసుకుని. మొత్తం మీద కొందరు పెద్దలకు శిక్షణ ఇచ్చాను. పిల్లలు జాగ్రత్త.

సర్టిఫికెట్టు తీసుకున్నాక కృపాకుమారి విజిల్‌ను కొంగుతో తుడిచి చాచింది.

"మేడమ్‌ది కదా సార్ ఇది. శబ్దం వింటానే మా పిల్ల గుర్తుపట్టినాది. నీళ్ళు పట్టను వచ్చినాది ఆ పొద్దు."

స్టాకులో ఒకటి అదనంగా ఉంది, ఉంచుకో అన్నాను.

"అదనంగా యాడిది సార్? తుమ్మేవే కదా మిగిలినవి."

లెక్క నాకు తెలుసన్నాను. కామర్స్ చదివాను.

ఈసారి ఆమె నవ్వలేదు. విజిల్ మెడలో వేసుకుంది. వేసుకుని ఎడమ చేయి చాచింది. ఫైలు అప్పటికే బ్యాగులో సర్దేశాను. పొరపాటున. చేయి ఇచ్చాను.

మే 18

ఇల్లు. ఫ్యాను అలాగే చప్పుడు చేస్తోంది. కొక్కేనికి కవరు మళ్ళీ తగిలించాను. తేలిగ్గా ఉంది.

జూన్ 9

నాగేశ్వర ఫోన్. కంపెనీ పేరు రిజిస్టరులో ఉంచారట. సంతోషమే కదా అన్నా అన్నాడు. పనిగొంతుతోనే మాట్లాడాడు, మొదటి నుంచి చివరి దాకా. పరామర్శ గొంతు మరిచిపోయినట్టున్నాడు. నేను గుర్తు చేయలేదు.

జూన్ 21

రాత్రి కాస్త వాన పడింది. బీడులో వేరుశనక్కాయ వేస్తున్నారు.

సాయంత్రం కాఫీ పెట్టుకుంటున్నాను. బడి మా వీధికి దూరమే కానీ గాలి ఇటే ఉంది. జెండా కట్టే వేళ దాటిపోయింది. ఆలస్యంగా వచ్చి ఉంటుంది. పెండ్లి రవికెలు.

మూడు పొట్టి, ఒక పొడుగు.

పిలిచింది పెట్రోల్ లీడర్లను. సువార్తను, ఇంకో ముగ్గురు పిల్లలను. నన్ను కాదు. నాకు ఆ సంగతి బాగా తెలుసు.

స్టవ్ ఆపి చెప్పులు వేసుకున్నాను. పాలు అయిపోయాయి, తెచ్చుకోవాలి. పాల అంగడి బడి వైపు కాదు. అయినా అటు నుంచి తిరిగి పోవచ్చు.